కుక్క మీద పిడుదులు: సన్న గోధుమరంగువి, ఆముదం గింజంత బూడిదరంగువి రెండూ ఒకటేనా? డీఎన్ఏ పరీక్షతో తేలుతుందా?

రాగి వాళ్ళమ్మ (తెనాలి)

నమస్కారమండీ. మా ఇంట్లో రాగి అని నాలుగేళ్ళ ఆడకుక్క ఉంది. నాటు కుక్కే. నేను పాఠాలు చెప్పే బడి ప్రహరీ పక్కన కాలువలో పిల్లగా దొరికితే తెచ్చుకున్నాం.

మూడు వారాల క్రితం తిండి మానేసింది. పెరుగన్నం పెట్టినా వాసన చూసి మొహం తిప్పుకుంది. ఎండలకి అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే వంటింటి తెల్ల టైల్ మీద ఒక రక్తం చుక్క కనిపించింది, దాని పక్కనే ఇంకోటి. ముక్కులోంచి కారుతోంది. ఆటోలో వేసుకుని డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాం. ప్లేట్‌లెట్లు 31,000 ఉన్నాయన్నారు. కిట్ టెస్టులో ఎర్లీకియా అని వచ్చింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం అని చెప్పి డాక్సీసైక్లిన్ 28 రోజులు రాశారు. ఇప్పుడు అన్నం తింటోంది, నేను గేటు తీస్తే తోక ఊపుతోంది. ఆ నాలుగు రోజులు మాత్రం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అసలు విషయానికి వస్తాను. రెండు సాయంత్రాలు కూర్చుని దాని ఒంటి మీద 43 పిడుదులు తీశాను. చెవుల్లో ఆముదం గింజల్లా ఉబ్బిన బూడిదరంగువి, కాలివేళ్ళ సందుల్లో చదునుగా సన్నగా ఉన్న గోధుమరంగువి, ఇంకా ఆవగింజంత చిన్నవి. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ రాత్రి హాల్లో లైటు వేస్తే గోడ మీద గోధుమరంగువి పైకి పాకుతున్నాయి. క్యాలెండరు ఎత్తి చూస్తే వెనక పదిహేను, ఇరవై దాకా గుంపుగా ఉన్నాయి. మాది పాత ఇల్లు, సున్నం గోడలు, పగుళ్ళు ఎక్కువ.

పక్కింటి పిన్నిగారేమో పెద్దవి గేదెలవి, చిన్నవి కుక్కవి, రెండూ వేరు అంటారు. నిజమే, రాగిని రోజూ కాలవగట్టు మీద నడిపిస్తాను, అక్కడ గేదెలూ మేకలూ మేస్తుంటాయి. వేరువేరుగా కనిపించిన 9 పిడుదుల్ని సర్జికల్ స్పిరిట్ సీసాలో వేసి ఉంచాను. డీఎన్ఏ పరీక్ష చేస్తే ఏ జాతో చెప్పగలరని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? చేయిస్తే రాగికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? మా మనవరాలికి ఆరేళ్ళు, అది కుక్కని వదలదు. ఆ టెన్షన్ కూడా ఉంది.

శ్రీను (కంకిపాడు)

మేడమ్, మాకు 6 గేదెలు ఉన్నాయి. పొదుగు మీద పట్టేవి అచ్చం మీరు చెప్పినట్టే బూడిదరంగులో ఉబ్బి ఉంటాయి. కాబట్టి పెద్దవి గేదెలవే అయి ఉండొచ్చు. మా నాన్న దూదిని కిరసనాయిల్లో ముంచి అద్దేవారు, కాసేపటికి రాలిపోయేవి. కుక్కకి కూడా పనిచేస్తుందేమో చూడండి. రాగి త్వరగా కోలుకోవాలి.

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

అక్కా, రాగి అన్నం తింటోందన్న మాట చదివాకే నాకు ప్రాణం కుదుటపడింది. ప్లేట్‌లెట్లు అంత కిందికి పోయి ముక్కు రక్తం దాకా వెళ్ళిన కుక్కలన్నీ తిరిగి రావు. తేరుకుందిలే అని మందు మధ్యలో ఆపకండి. సగం రోజులకే ఆపేసి, రెండు నెలల తర్వాత మళ్ళీ మోసుకొచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. మాత్ర వేశాక నాలుగు ముద్దల అన్నమో కాసిని నీళ్ళో లోపలికి దిగేలా చూడండి. గొంతు గొట్టంలో అతుక్కుంటే పుండు పడుతుంది.

నేను పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల ల్యాబ్‌లో 11 ఏళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం నా బల్ల మీద ఉన్నవి పిడుదుల సీసాలే. అందుకే మీ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు శ్రీను గారికి ఒక మాట. కిరసనాయిలు వద్దండి. నూనె, సిగరెట్ వాత లాంటివి కూడా వద్దు. పిడుదు చచ్చేలోపు పెనుగులాడుతూ తన లాలాజలాన్ని గాయంలోకే వదిలే ప్రమాదం ఉంటుంది, జబ్బు ఉండేది ఆ లాలాజలంలోనే. పైగా కుక్క తన ఒళ్ళు తానే నాకుతుంది. సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. గోళ్ళతో నలపకూడదు.

ఇక పెద్దవీ చిన్నవీ సంగతి. అక్కా, అవి తల్లీ తండ్రీ పిల్లలూ అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. కుక్క పిడుదు ఆకలితో ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్లు, చదునుగా, ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. ఆడది రక్తం తాగితే సెంటీమీటరు దాటి ఉబ్బి బూడిదరంగుకి మారుతుంది. మగది అలా ఉబ్బలేదు. దాని వీపంతా ఒకటే గట్టి పలక, సాగడానికి చోటుండదు. ఆడదానికి ఆ పలక మెడ దగ్గర చిన్న బిళ్ళంతే, మిగతా చర్మం సంచిలా సాగుతుంది. ఈసారి చెవిలో పెద్దది దొరికితే దాని పొట్ట కింద చూడండి, సన్న గోధుమరంగుది ఒకటి నక్కి ఉంటుంది. అది మొగుడు. ఆవగింజంతవి పిల్లలు. కాళ్ళు లెక్కపెట్టండి, 6 ఉంటే గుడ్డులోంచి వచ్చాక ఇంకా కుబుసం విడవనిది, 8 ఉంటే ఒక మెట్టు ఎక్కింది. సాలీళ్ళ, తేళ్ళ చుట్టాలు కాబట్టి పెద్దయ్యాక అన్నిటికీ ఎనిమిదే.

మీరు ఆముదం గింజ అన్నారు చూడండి, ఆ పోలిక చాలా పాతది. లాటిన్‌లో పిడుదుని రిసినస్ అంటారు. గింజ అచ్చం పిడుదులా ఉందని ఆముదం మొక్కకి శాస్త్రీయ నామంలో ఆ పేరే పెట్టారు.

గేదె పిడుదు కుక్కకి పట్టదని అనను కానీ, అరుదు. మన దగ్గర పశువులకి ఎక్కువగా పట్టేది రైపిసెఫాలస్ మైక్రోప్లస్. అది పిల్లగా ఎక్కిన పశువు మీదే పెరిగి, పెద్దదై, గుడ్లు పెట్టడానికి మాత్రమే కింద పడుతుంది. కుక్క పిడుదు అలా కాదు. మూడుసార్లు ఎక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. ఆరు కాళ్ళ పిల్ల నాలుగైదు రోజులు తాగి కింద పడి, ఏ పగులులోనో దూరి కుబుసం విడుస్తుంది. ఎనిమిది కాళ్ళతో మళ్ళీ ఎక్కి తాగి, మళ్ళీ దిగి కుబుసం విడుస్తుంది. పెద్దయ్యాక మళ్ళీ ఎక్కుతుంది. చివరికి ఆడది దిగి గోడ పగులులో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్కటి 4,000 దాకా పెట్టగలదు. గసగసాల ముద్ద ముదురు గోధుమ రంగులో ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటాయి, మీ క్యాలెండరు మేకు చుట్టూ, ద్వారబంధం సందుల్లో టార్చి వేసి చూడండి. దిగిన ప్రతిసారీ ఇది పైకే పాకుతుంది, అందుకే క్యాలెండరు వెనకా సీలింగు మూలల్లోనూ గుంపులు. మన వేడికి రెండు, మూడు నెలల్లో ఒక తరం పూర్తవుతుంది. పెద్ద పిడుదు తిండి లేకుండా ఏడాదిన్నర దాకా ఓపిక పట్టగలదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినా సమస్య తీరదని అందుకే చెప్తాం.

అంటే మీరు రాగి ఒంటి మీద తీసిన 43 ఆ ఇంట్లో ఉన్నవాటిలో కొద్ది భాగమే. మిగతావి గోడల్లో ఉన్నాయి. నల్లుల్ని ఎలా చూస్తామో వీటినీ అలాగే చూడాలి. పగుళ్ళు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్పించండి. రాగి పడుకునే గుడ్డలు మరిగే నీళ్ళలో ఉడకబెట్టండి. కుక్కకి వేసే పిడుదుల మాత్రలు ఇప్పుడు మంచివి వచ్చాయి, ఏది ఎంత వేయాలో బరువు చూసి డాక్టరు గారే చెప్పాలి. దానికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఒక నెల వేసి ఆపితే లాభం లేదు. గోడల్లో ఉన్నవి ఒక్కొక్కటిగా ఆకలేసి దిగి వస్తాయి, వచ్చి రాగిని కుట్టినప్పుడల్లా చావాలి. అలా నెలల తరబడి సాగాలి.

ఇప్పుడు డీఎన్ఏ. అబ్బాయి చెప్పింది నిజమే. మీ సీసాలోని పిడుదుల జాతి తేల్చవచ్చు. కానీ ఇందులో ఒక కథ ఉంది, అది తెలియకపోతే వచ్చిన జవాబు కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ప్రపంచమంతా కుక్కలకి పట్టే ఈ గోధుమరంగు పిడుదుకి 1806లో లాట్రేయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు పెట్టారు. అదే ఇప్పటి రైపిసెఫాలస్ సాంగ్వినియస్. ఆయన రాసిన వర్ణన చాలా పొట్టిది, చూసిన నమూనా మిగల్లేదు. దాంతో రెండు వందల ఏళ్ళ పాటు ఏ దేశంలో కుక్క మీద గోధుమరంగు పిడుదు కనిపించినా అదే పేరు రాసేశారు. డీఎన్ఏ చదవడం మొదలయ్యాక అనుమానం వచ్చింది. బ్రెజిల్ పిడుదులూ అర్జెంటీనా పిడుదులూ కంటికి ఒకేలా ఉన్నా డీఎన్ఏలో చాలా దూరం. రెంటినీ జత కలిపి చూస్తే పుట్టిన సంకరాలకి సంతానం కలగలేదు. అంటే అవి ఒక జాతి కాదు. చలి ఉన్న చోట ఒకటి, వేడి ఉన్న చోట ఇంకొకటి. 2018లో ఫ్రాన్సులోని మోంట్‌పెల్లియే పిడుదుని తీసుకుని, అసలు సాంగ్వినియస్ అంటే ఇదీ అని కొత్త నమూనాతో స్థిరపరిచారు. అది చలి శాఖ. మరి వేడి శాఖకి పేరేది? 2021లో సిడ్నీ యూనివర్సిటీకి చెందిన యాన్ ష్లాపెటా, ఆయన తోటివాళ్ళు పాత పుస్తకాలు తిరగేసి ఒక మరుగునపడ్డ పేరు పైకి తీశారు. నెపోలియన్ దండయాత్రతో పాటు ఈజిప్టు వెళ్ళిన సావిన్యీ అనే ఆయన అక్కడి జీవుల్ని బొమ్మలు గీశారు. ఆ తర్వాత ఆయన చూపు పోయింది. ఆ బొమ్మలకి వివరణ ఔదువాఁ అనే ఇంకొకాయన 1826లో రాశారు. అందులో ఒక పిడుదుకి లిన్నేయి అని పేరు పెట్టారు. వేడి శాఖ అదే. కాబట్టి ఈ రోజు దాని పేరు రైపిసెఫాలస్ లిన్నేయి. మన దేశంలో కుక్కల మీద ఎక్కువగా దొరికే గోధుమరంగుది ఇదే.

పేరు మారితే మనకేంటి అనిపించొచ్చు. బ్రెజిల్‌లో ఈ రెండు శాఖల పిడుదుల్నీ ఎర్లీకియా ఉన్న కుక్కల మీద తాగించి, తర్వాత ఆరోగ్యంగా ఉన్న కుక్కల మీదికి ఎక్కించారు. వేడి శాఖ జబ్బుని అంటించింది. చలి శాఖ అంటించలేదు. ఒకే పేరు కింద ఉన్నంత కాలం ఈ తేడా ఎవరికీ కనపడలేదు. రాగికి జబ్బు తెచ్చింది ఏ శాఖో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

రాగి వాళ్ళమ్మ (తెనాలి)

అమ్మా, మీరు చెప్పినట్టే టార్చి వేసి చూశాను. ద్వారబంధం పై మూలలో గుడ్ల ముద్ద ఉంది. గసగసాలన్నారు, సరిగ్గా అంతే. చూడగానే ఒళ్ళు జలదరించింది. గరిటెతో గీకి మరిగే నీళ్ళలో పడేశాను.

ఇంకో మూడు సందేహాలు. ఈ గుడ్లలోంచి వచ్చే పిల్లలు కూడా జబ్బు మోస్తాయా? మనవరాలి సంగతేంటి? సీసాలో ఉన్నవి స్పిరిట్‌లో వేసి మూడు వారాలైంది, పరీక్షకి పనికొస్తాయా?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

గుడ్ల విషయంలో భయపడొద్దక్కా. ఎర్లీకియా తల్లి నుంచి గుడ్డులోకి పోదు. పిల్ల శుభ్రంగానే పుడుతుంది. అది రాగి లాంటి జబ్బు కుక్కని తాగితేనే అంటుకుంటుంది, ఆ తర్వాత కుబుసం విడిచి పెద్దదైనా దాన్ని మోస్తూనే ఉంటుంది. అందుకే రాగి మందులో ఉన్న ఈ రోజుల్లో దాన్ని ఒక్క పిడుదూ తాగకుండా చూడటం ముఖ్యం. మీ వీధిలో మిగతా కుక్కల క్షేమం కూడా అందులోనే ఉంది. ఇంకో మాట, పిడుదు పట్టిన 3 గంటల్లోనే ఎర్లీకియా కుక్కలోకి పోగలదని ప్రయోగాల్లో తేలింది. సాయంత్రం తీరిగ్గా తీద్దాంలే అనుకుంటే ఆలస్యమే. మగ పిడుదులు ఒక కుక్క మీంచి ఇంకో కుక్క మీదికి మారుతూ కూడా అంటించగలవు.

మనవరాలికి ఈ జబ్బు రాగి నుంచి నేరుగా అంటదు, రాగిని ముద్దు చేసుకుంటే తప్పు లేదు. చూడాల్సింది పిడుదునే. ఎండలు ముదిరినప్పుడు ఈ వేడి శాఖ మనుషుల్ని కుట్టడం ఎక్కువవుతుంది. ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం దీని వల్ల మనుషులకి రాగలదు. రోజూ స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, జుట్టు కుదుళ్ళు, చంకలు చూడండి. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తే పిల్లల డాక్టరుకి ఇంట్లో పిడుదులున్న సంగతి మీరే ముందు చెప్పండి. వాళ్ళు అడగకపోవచ్చు.

సీసా సంగతి. మూడు వారాలేం కాదు, పనికొస్తాయి. స్పిరిట్ డీఎన్ఏని కాపాడుతుంది. ఫార్మాలిన్‌లో వేసి ఉంటే కష్టమయ్యేది. స్పిరిట్ పాతబడితే మార్చండి, మూత బిగించండి. పెన్ను సిరా స్పిరిట్‌కి చెరిగిపోతుంది కాబట్టి ఏ తేదీన, ఒంటి మీద ఎక్కడ తీశారో పెన్సిలుతో చిన్న కాగితం ముక్క మీద రాసి లోపలే వేయండి.

ల్యాబ్‌లో ఏం చేస్తామో చెప్తాను, మీకు ఆసక్తి ఉందని అర్థమైంది. ముందు సూక్ష్మదర్శిని కింద పెట్టి నోటి భాగం వెనకున్న పీఠం చూస్తాం. అది ఆరు కోణాలతో పక్కలకి మొనదేలి ఉంటే రైపిసెఫాలస్ వర్గానిది. ఆ తర్వాత బ్లేడుతో ఒక్క కాలు కోస్తాం. కాలే ఎందుకంటే పొట్టలో ఉన్నది కుక్క రక్తం. పిడుదు మొత్తం నూరితే దాని డీఎన్ఏ కన్నా రాగి డీఎన్ఏ ఎక్కువ వస్తుంది, పైగా రక్తంలోని ఎర్రని పదార్థం పీసీఆర్‌ని, అంటే డీఎన్ఏకి కాపీలు తీసే పనిని, ఆపేస్తుంది. నేను చేరిన కొత్తలో బాగా ఉబ్బిన ఆడవాటిని 14 నూరి, డీఎన్ఏ వచ్చిందని చూపించే గీత ఒక్కటి కూడా రాక, ఆ గీతలు చూసే జెల్ పలక ముందు కూర్చుని ఏడ్చాను. కాలు కోయమని మా మేడమ్ చెప్పారు. ఆ కాలు వెంట్రుక మందం ఉంటుంది, దాన్ని ఎంజైములో వేసి రాత్రంతా వెచ్చగా ఉంచితే కరుగుతుంది.

తర్వాత మైటోకాండ్రియాలో ఉండే 16ఎస్ అనే జన్యువులో 400 పైచిలుకు అక్షరాల ముక్కని పీసీఆర్‌తో కోట్ల కాపీలు చేసి చదివిస్తాం. ఇది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది కాబట్టి వంశం గుర్తుపట్టడానికి వీలు. కొందరు సీఓఐ అనే ఇంకో జన్యువు కూడా చదువుతారు. నేనైతే రెండూ చదివించమంటాను.

చాలామంది పొరపాటు పడేది ఆ తర్వాతే. చదివిన అక్షరాలని జెన్‌బ్యాంక్ అనే ప్రపంచ భాండాగారంలో వెతికితే మొదటి పేరు సాంగ్వినియస్ అనే రావచ్చు, 99 శాతం పైన పోలికతో. దాన్ని అలాగే రాసుకుని వచ్చేస్తారు. కానీ 2021కి ముందు అక్కడ చేర్చినవి చాలావరకు పాత పేరుతోనే ఉన్నాయి. పైన ఉన్న పేరు చూస్తే చాలదు. మోంట్‌పెల్లియే నమూనానీ, లిన్నేయి నమూనానీ పక్కన పెట్టి వంశవృక్షం గీసి, మనది ఏ కొమ్మ మీద వాలిందో చూడాలి. కంప్యూటరు ఇచ్చిన పేరు ఎవరో ఒక మనిషి ఎప్పుడో రాసిందేనని నా విద్యార్థులకి చెప్తూ ఉండేదాన్ని.

రాగి వైద్యానికి ఈ పరీక్ష అవసరం లేదు, డబ్బు పోసి బయట చేయించకండి. కానీ నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఇప్పుడు కోస్తా జిల్లాల కుక్కల పిడుదుల మీద పరిశోధన చేస్తోంది. మీకిష్టమైతే సీసా తనకి పంపిద్దాం. వివరాలు విడిగా మెసేజ్ చేస్తాను. మీరు కాలవగట్టు అన్నారు, మేకలన్నారు, అందుకే నాకు చూడాలని ఉంది.

బ్రిస్బేన్ తెలుగువాడు

ఈ చర్చ చదువుతూ ఆగలేకపోయాను. ఆస్ట్రేలియాలో దశాబ్దాలుగా ఈ గోధుమరంగు పిడుదు ఉంది, ఎర్లీకియా మాత్రం ఉండేది కాదు. 2020 మే నెలలో పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరాన కింబర్లీ ప్రాంతపు కుక్కల్లో మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత నార్తర్న్ టెరిటరీలోని ఊళ్ళకి పాకింది, చాలా కుక్కలు పోయాయి. ఇక్కడున్నదీ లిన్నేయి శాఖే అని తేల్చారు, మీరు చెప్పిన సిడ్నీ వాళ్ళకి ఆ పని అంత అవసరం ఎందుకైందో ఇప్పుడు అర్థమవుతోంది. జబ్బు మోయగల పిడుదు ముందే ఇంటింటా ఉంది, జబ్బు రావడమే ఆలస్యం.

మా అమ్మానాన్నల దగ్గరున్న కుక్కని ఇక్కడికి తెచ్చుకోవాలని ఏడాది ప్రయత్నించాను. ఇండియా నుంచి నేరుగా రానివ్వరు, మధ్యలో వేరే దేశంలో నెలల తరబడి ఉంచాలి, ఎర్లీకియా రక్తపరీక్షలో లేదని రావాలి. మా వాడికి ఆ పరీక్షలో ఉందని వచ్చింది. రాజమండ్రిలోనే ఉండిపోయాడు. అప్పుడు ఆ నిబంధన మీద చాలా కోపం వచ్చింది. కింబర్లీ గురించి చదివాక ఆ కోపం పోయింది. రాగికి మంచి జరగాలి.

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

అక్కా, ఐదు వారాలకి ఫలితం వచ్చింది. ఆ అమ్మాయి పంపిన ఫొటోలు, వంశవృక్షం నిన్న రాత్రే చూశాను.

9లో 7 కుక్క పిడుదులే. పెద్ద బూడిదరంగువి, సన్న గోధుమరంగువి అన్నీ కలిపి. ఒక ఉబ్బిన ఆడదానికి కాళ్ళన్నీ తెగిపోయి ఉంటే పొట్ట చర్మం తీసుకున్నారు, అది చదవడానికి రాలేదు. మిగతా 6 లిన్నేయి కొమ్మ మీదే వాలాయి. పిన్నిగారికి చెప్పండి, గేదె పిడుదు ఒక్కటీ లేదు.

మిగిలిన రెండూ వేరు. మీ కాగితం మీద మెడ కింద తీసినవి అని రాశారు. ఆవగింజంతవి, ఎనిమిది కాళ్ళు. సూక్ష్మదర్శిని కింద కళ్ళు లేవు, నోటి పీఠం ఆరు కోణాలది కాదు, దీర్ఘచతురస్రం. నోటి పక్కనున్న స్పర్శకాలు బయటికి పొడుచుకుని త్రికోణంలా ఉన్నాయి. ఫొటో చూడగానే ఇది హీమాఫైసాలిస్ అనే వేరే పిడుదుల వర్గం అనుకున్నాను. పిల్ల పిడుదులు కాబట్టి కంటితో జాతి చెప్పడం కష్టం, అక్కడ 16ఎస్ అక్కరకొచ్చింది. హీమాఫైసాలిస్ బైస్పైనోసా. మేకలు, గొర్రెలు, పశువులు మేసే గడ్డిలో ఉండేది. మీ గోడల్లో ఉండదు. కాలవగట్టు మీద గడ్డిపోచ కొసన ముందు కాళ్ళు చాచి కాచుకుని ఉంటుంది, ఆ కాళ్ళ మీద వాసన పట్టే గుంట ఉంటుంది, రాగి ఊపిరి తగలగానే పట్టుకుంటుంది.

ఇది నాకు ఎందుకు ముఖ్యమనిపించిందో చెప్తాను. బబీసియా గిబ్సోని అని కుక్క ఎర్రరక్తకణాల్లో చేరే పరాన్నజీవి ఉంది. దాన్ని ప్రపంచంలో మొదట చూసింది మన పక్కనే, మద్రాసు వేటకుక్కల రక్తంలో, 1910లో పాటన్ అనే ఆయన. దాన్ని మోసే పిడుదుల్లో బైస్పైనోసా ఒకటి. ఎర్లీకియాకి మీరు వేసిన డాక్సీసైక్లిన్ బబీసియాని చంపదు. రాగి ప్లేట్‌లెట్లు సరిగా పెరగకపోయినా, చిగుళ్ళు ఇంకా పాలిపోయి ఉన్నా దీన్ని కూడా చూడాలి. ఈ ఫలితం కాగితం డాక్టరు గారికి చూపించి, చెవి అంచు నుంచి ఒక రక్తం చుక్క తీసి గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద చూడమని అడగండి. కుదిరితే పీసీఆర్ కూడా. కొద్దిగా ఉన్నప్పుడు పలక మీద దొరక్కపోవచ్చు.

మీ ఇంట్లో రెండు వేరువేరు సమస్యలు ఉన్నాయి. గోడలోది ఒకటి, గడ్డిలోది ఒకటి. సిమెంటు మొదటిదానికే పనికొస్తుంది. నడకకి గట్టు మానేసి రోడ్డు వైపు తీసుకెళ్ళండి.

రాగి వాళ్ళమ్మ (తెనాలి)

అమ్మా, మీ మెసేజ్ చూసిన రోజే తీసుకెళ్ళాం. కాగితం చూసి డాక్టరు గారు ఆశ్చర్యపోయారు, చాలాసేపు చదివారు. గాజుపలక మీద బబీసియా కనపడలేదు. పీసీఆర్‌కి రక్తం పంపారు, వారం తర్వాత అదీ లేదని వచ్చింది. ప్లేట్‌లెట్లు 2,14,000. ఆ నంబరు రెండుసార్లు చదివించుకున్నాను. చిగుళ్ళు గులాబీరంగులోకి వచ్చాయి.

గోడలు మేస్త్రీ చేత పూడ్పించాం, ద్వారబంధాలు చుట్టూ పుట్టీ పెట్టించాం. రాగికి నెల నెలా మాత్ర వేస్తున్నాం. రోజూ రాత్రి 9 గంటలకి టార్చి వేసి గోడల మీద కనిపించినవి లెక్కపెట్టి, అదే క్యాలెండరు గళ్ళలో రాస్తున్నాను. మొదటి వారం 22, 17, 19. ఐదో వారానికి 4, 2, 3. ఈ నెలలో 11వ తేదీ నుంచి 26 దాకా అన్నీ సున్నాలే. మనవరాలు ఆ సున్నాలకి కళ్ళూ నోరూ గీసింది.

నిన్న రాత్రి మాత్రం ఒకటి దొరికింది. హాలు గోడ మీద కాదు, రాగి మెడ పట్టీ కింద. చిన్నది, ఎనిమిది కాళ్ళు. మా వారు మొన్న ఒక రోజు నాకు చెప్పకుండా దాన్ని గట్టు మీదికి తీసుకెళ్ళారట. స్పిరిట్‌లో వేసి, పెన్సిలుతో తేదీ, చోటు రాసి పెట్టాను. పంపమంటారా?

సూక్ష్మదర్శిని (హైదరాబాద్)

పంపండక్కా. కాళ్ళు తెగకుండా దూదితో సీసాలో కాస్త వత్తి పెట్టండి. అన్నయ్యగారిని రోడ్డు వైపే నడిపించమనండి.